నొప్పి లేదన్నాడు

2007 వేసవిలో నేను ఉద్యోగానికని పోర్ట్‌లండ్ పక్కనున్న హిల్స్‌బరోకి వచ్చేసరికి ఊరంతా ఒకటే వాదన. ఓడెనా, డ్యూరాంటా? నాకా రెండు పేర్లూ తెలీవు. బాస్కెట్‌బాల్ అంటే మా హైస్కూలు గ్రౌండులో వలల్లేని రెండు ఇనప రింగులు, ఆ స్తంభానికి ఎవరో కట్టేసిన గేదె, అంతే నా జ్ఞానం. ఆఫీసులో నా పక్క సీటాయన ఇక్కడే పుట్టి పెరిగినవాడు, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నవాడు. "చూస్తూ ఉండు, పొడుగాణ్ణే తీసుకుంటారు, తీసుకుని ఏడుస్తారు" అన్నాడు. ఎందుకలా అంటున్నారంటే "1984" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. ఆ అంకె ఈ ఊళ్ళో ఒక తిట్టులాంటిదని నాకు తర్వాత తెలిసింది.

ఆ జూన్‌లో పొడుగాణ్ణే తీసుకున్నారు. ఏడడుగుల గ్రెగ్ ఓడెన్. సెప్టెంబరులో అతనికి మోకాలి ఆపరేషన్ అయింది. మొదటి సీజన్ ఒక్క ఆట కూడా ఆడలేదు. ఇక్కడ ఉన్నన్నాళ్ళలో మొత్తం 82 ఆటలు ఆడాడు, అంటే సరిగ్గా ఒక్క సీజన్‌కి సరిపడా. రెండో నంబరులో సియాటెల్ తీసుకున్న కెవిన్ డ్యూరాంట్ ఏమయ్యాడో ఆట చూడనివాళ్ళకి కూడా తెలుసు. డ్రాఫ్ట్‌కి ముందు జరిగే పరీక్షల్లో డ్యూరాంట్ 185 పౌన్ల బరువుని, అంటే సుమారు 84 కిలోలని, ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు. దాని మీద పేపర్లు నవ్వాయి కూడా. బరువులెత్తడానికీ బంతి వెయ్యడానికీ సంబంధం ఏమిటని అడిగినవాళ్ళు తక్కువ.

సరే, 1984 సంగతికొద్దాం. ముందుగా ఈ డ్రాఫ్ట్ అనేదేమిటో తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మనకి ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చినవాడు మంచి కాలేజీ ఎంచుకునేవాడు. ఇక్కడ తిరగేసి చదవాలి. వెనకబడ్డ టీములు ముందుగా మంచి కుర్రాళ్ళని ఎంచుకుంటాయి. కుర్రాడికి ఎంపిక లేదు. 1947 నుంచీ ఇదే పద్ధతి. మొదట్లో సొంత ఊరి కాలేజీ ఆటగాణ్ణి టీము ముందే పట్టుకుపోయే వెసులుబాటు ఉండేది, 1966 నుంచి అది పోయి, రెండు విభాగాల్లోనూ అట్టడుగున ఉన్న రెండు టీముల మధ్య బొమ్మా బొరుసూ వేసి మొదటి నంబరు తేల్చేవారు.

1984లో ఆ నాణెం ఎగరేసింది హ్యూస్టన్‌కీ పోర్ట్‌లండ్‌కీ మధ్య. పోర్ట్‌లండ్ అట్టడుగు టీమేం కాదు, ఆ ఏడు 48 ఆటలు గెలిచింది. మరి అక్కడెందుకు ఉందంటే, 1981లో టామ్ ఓవెన్స్ అనే వయసు మళ్ళిన సెంటర్‌ని ఇండియానాకి ఇచ్చి, బదులుగా ఆ టీము 1984 మొదటి రౌండు వంతుని రాయించుకుంది. ఇండియానా కింద పడిపోయింది, దాని వంతు పైకి లేచింది. ఇలాంటి బేరాలు చెయ్యడంలో పోర్ట్‌లండ్‌కి ఆటగాళ్ళని ఎంచిపెట్టే స్టూ ఇన్‌మన్ దిట్ట. 1977లో ఈ ఊరికి వచ్చిన ఒకే ఒక్క కప్పు వెనక ఉన్న టీముని పేర్చింది ఆయనే. 1983లో మొదటి పదమూడు వంతుల్లో ఎవరూ ఎంచుకోని క్లైడ్ డ్రెక్స్‌లర్‌ని పధ్నాలుగో నంబరులో పట్టుకున్నదీ ఆయనే. ఇది గుర్తుంచుకోండి. 1984 కథని తెలివితక్కువవాళ్ళ కథగా చెప్పేవాళ్ళు ఈ ముక్క వదిలేస్తారు.

నాణెం హ్యూస్టన్ వైపు పడింది. వాళ్ళు హకీమ్ ఒలాజువాన్‌ని తీసుకున్నారు. లాగోస్‌లో ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌గా ఆడి, టీనేజీలో గానీ ఈ బంతి ముట్టుకోని కుర్రాడు. ఇందులో ఎవరికీ పేచీ లేదు, ఇప్పటికీ లేదు. (హ్యూస్టన్ ఆ వంతు కోసం కావాలనే ఓడిందని మాత్రం అప్పుడందరూ అన్నారు. సీజన్ చివర్లో 38 ఏళ్ళ ఎల్విన్ హేస్‌ని దాదాపు ఆటంతా నిలబెట్టారు. ఆ గొడవకే మరుసటి ఏడాది నుంచి నాణెం పోయి లాటరీ వచ్చింది.) పేచీ అంతా రెండో నంబరు దగ్గర. కెంటకీ సెంటర్ సామ్ బూయీ, ఏడడుగుల ఒక అంగుళం. నార్త్ కెరొలైనా గార్డ్ మైకేల్ జోర్డన్, ఆరడుగుల ఆరు.

ఈ రోజు ఆ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టడమే హాస్యంగా ఉంటుంది. కానీ 1984 జూన్‌లో కూర్చుని చూడాలి. నేను ఆ ఏటి పాత ఆటలు కొన్ని కూర్చుని చూశాను, మా ఆవిడ విసుక్కున్నా. మొదట తట్టేది, ఆట ఎంత నెమ్మదో! అప్పటికి కాలేజీ ఆటలో షాట్ క్లాక్ లేదు. ఇన్ని సెకన్లలో బంతి వెయ్యాలన్న నియమం 1985-86లో వచ్చింది, మూడు పాయింట్ల గీత ఆ తర్వాతి ఏడు. ఆధిక్యంలో ఉన్న టీము బంతిని చేతులు మార్చుకుంటూ నిమిషాలు గడిపెయ్యొచ్చు. నార్త్ కెరొలైనా కోచ్ డీన్ స్మిత్ అందులో ఆరితేరినవాడు. ఆయన దగ్గర ఎంతటి ఆటగాడైనా వరసలో నిలబడాల్సిందే. అందుకే జోర్డన్ ఆఖరి ఏడు సగటు 19.6 పాయింట్లు. మంచి సంఖ్యే, కళ్ళు తిరిగే సంఖ్య కాదు. జోర్డన్‌ని ఇరవైలోపు ఆపగలిగిన ఏకైక వ్యక్తి డీన్ స్మిత్ అని తర్వాత జోకు పుట్టింది. పైగా అతని ఆఖరి కాలేజీ ఆట, ఇండియానా మీద, 13 పాయింట్లతో ముగిసి టీము ఇంటికెళ్ళింది.

అంటే స్కౌట్లు చూస్తున్నది జోర్డన్‌ని కాదు, స్మిత్ పద్ధతిలో ఇమిడిన జోర్డన్‌ని. పెట్టెలో పెట్టిన దీపాన్ని సందుల్లోంచి చూసి ఎంత వెలుగో అంచనా కట్టాలి. 1982 ఫైనల్లో పంతొమ్మిదేళ్ళ వయసులో జార్జ్‌టౌన్ మీద గెలుపు బంతి వేసినవాడు, 1984లో దేశంలోకల్లా ఉత్తమ కాలేజీ ఆటగాడని బిరుదులందుకున్నవాడు అని అందరికీ తెలుసు. మంచి ఆటగాడని అందరూ ఒప్పుకున్నారు. ఎంత మంచి అన్నదే ప్రశ్న.

బూయీ సంగతీ తక్కువది కాదు. పెన్సిల్వేనియాలో లెబనాన్ అనే చిన్న ఊరివాడు. 1980లో మాస్కో వెళ్ళకుండా ఆగిపోయిన అమెరికా ఒలింపిక్ టీములో, కాలేజీలో ఒక్క ఏడు గడిపిన కుర్రాడిగా, చోటు దొరికింది. రెండో ఏడు సగటు 17.4. అంత పొడుగుండీ పరిగెత్తగలడు, బంతి అందించగలడు. ఆ తర్వాత ఎడమ కాలి ముందరి ఎముక చిట్లింది. అది మానలేదు. ఒక ఏడు కాదు, వరసగా రెండేళ్ళు, 1981 నుంచి 83 దాకా, ఆట లేదు. 1983-84లో తిరిగొచ్చి 34 ఆటలూ ఆడాడు. సగటు 10.5కి పడిపోయినా కాలు నిలబడింది. ఆ మార్చి ఆఖర్న పక్కనే సియాటెల్లో జరిగిన సెమీఫైనల్లో కెంటకీ రెండో సగంలో 33 సార్లు బంతి వేసి మూడంటే మూడు సార్లు దింపింది. అయినా బూయీ విలువ తగ్గలేదు, ఎందుకంటే పొడుగు తగ్గలేదు కదా!

పోర్ట్‌లండ్‌కి సెంటర్ కావాలి. గార్డులున్నారు. జిమ్ పాక్సన్ అప్పటికి రెండుసార్లు ఆల్‌స్టార్, డ్రెక్స్‌లర్ ఎదుగుతున్నాడు. డ్రాఫ్ట్‌కి కొద్ది రోజుల ముందే కీకీ వాండవే కోసం డెన్వర్‌కి ఇచ్చినవాళ్ళలో సెంటర్ వేన్ కూపర్ కూడా ఉన్నాడు, అంటే కొరతని చేతులారా ఇంకొంచెం పెంచుకున్నారు. ఇక కాలు విరగడం అంటారా, అదే టీములో మైకేల్ థాంప్సన్ కాలు విరిగి 1979-80 సీజనంతా కూర్చుని, లేచి, నిక్షేపంగా ఆడుతున్నాడు. కళ్ళముందు నడుస్తున్న సాక్ష్యం. ఇంకోవైపు బిల్ వాల్టన్ ఉన్నాడు. 1977 కప్పు తెచ్చిన సెంటర్, పాదం ఎముక విరిగి, వైద్యం విషయంలో టీముతో చెడి, ఈ ఊరికి మళ్ళీ ఆడలేదు. రెండు కాళ్ళు, రెండు కథలు. మనిషి తనకి కావలసిన కథనే ఎంచుకుంటాడు.

ఒలింపిక్ కోచ్ బాబ్ నైట్ తన స్నేహితుడైన ఇన్‌మన్‌కి జోర్డన్‌ని తీసుకొమ్మని చెప్పాడని, మాకు సెంటర్ కావాలి అని ఇన్‌మన్ అంటే, అయితే వాణ్ణే సెంటర్‌గా ఆడించు అన్నాడని ఒక కథ. ఈ ఊళ్ళో దీన్ని పురాణంలా చెప్పుకుంటారు. నిజమైనా కాకపోయినా నైట్ పట్టుకున్న పాయింటు మాత్రం అసలైనది. నా దృష్టిలో పోర్ట్‌లండ్ తప్పు బూయీ కాలిని సరిగా చూడకపోవడం కాదు. బల్లకి నాలుగో కాలు లేదు కాబట్టి కాలే కొనాలనుకోవడం. జోర్డన్ బల్ల కాలు కాదని తెలుసుకోవడానికి తగిన ఆధారాలు అప్పుడు ఉన్నాయా అంటే, ఉన్నాయనే నేననుకుంటాను. కానీ మూడో నంబరులో అతన్ని తీసుకున్న చికాగో వాళ్ళు కూడా ఏడడుగుల సెంటర్ దొరకలేదని బాధపడ్డారు మరి. అదే రోజు పదో రౌండులో వాళ్ళు పరుగుపందేల కార్ల్ లూయిస్ పేరు కూడా పిలిచారు, సరదాకనుకోండి.

కాలుని చూశారు కూడా. డ్రాఫ్ట్‌కి ముందు బూయీని పిలిపించి ఏడు గంటలపాటు పరీక్ష చేశారు. వాల్టన్ విషయంలో ఒకసారి కాలినవాళ్ళు కదా. డాక్టర్లు చిన్న సుత్తి తీసుకుని ఆ ఎడమకాలి ఎముక మీద తట్టి, నొప్పుందా అనడిగారు. లేదన్నాడు. ఈ సంగతి ఇరవయ్యెనిమిదేళ్ళ తర్వాత, 2012లో, ఒక డాక్యుమెంటరీలో బూయీయే చెప్పాడు. పైకి ఏమీ తెలియడం లేదన్నానుగానీ లోపల నొప్పిగానే ఉంది, నా వాళ్ళకి అవసరాలున్నప్పుడు ఎవరైనా చేసే పనే నేనూ చేశాను అన్నట్టుగా చెప్పుకొచ్చాడు. మర్నాడు పేపర్లన్నీ బూయీ అబద్ధమాడాడు అని రాశాయి.

మా లంచ్ బల్ల దగ్గర ఆ వారమంతా ఇదే. "చూశావా, మోసం చేశాడు మమ్మల్ని" అన్నాడు మా పెద్దాయన. ఎప్పుడూ ఆయన మాటకి తలూపేవాణ్ణి, ఆ రోజు ఊపలేకపోయాను.

మా పెదనాన్న కొడుకు, మేమందరం పెద్దన్నయ్య అంటాం, మిలిటరీ సెలక్షన్లకి వెళ్ళినప్పుడు నాకు పన్నెండేళ్ళు. అంతకుముందు ఏడు ట్రాక్టరు తొట్టి మీంచి పడి మోకాలు తిరగబడింది. కట్టు కట్టించారు, తగ్గిందన్నారు. తెల్లారుజామున కాలవ గట్టు మీద పరిగెత్తొచ్చి, ఎవరూ చూడకుండా మోకాలికి ఉప్పు కాపడం పెట్టుకునేవాడు. నేను చూశాను. "ఒరే, అమ్మకి చెప్పావంటే చంపుతా" అన్నాడు. అక్కడ డాక్టరు మోకాలు వంచి, నొక్కి, నొప్పా అనడిగితే లేదు సార్ అన్నాడు. ఇంటికి రెండు అప్పులు, పెళ్ళికి ఎదిగిన అక్క. ట్రైనింగులో ఏడు నెలలకి మోకాలు మళ్ళీ పోయింది, పంపించేశారు. ఊళ్ళో కొందరు ప్రభుత్వాన్నే మోసం చేశాడన్నారు. కొందరు ఆ డాక్టరు గాడిదన్నారు. తిరిగొచ్చాక నాలుగు నెలలు పెద్దన్నయ్య రచ్చబండ వైపు రాలేదు.

పరీక్ష చేసేవాడికి ఒక కాలు, ఒక కొలత. చేయించుకునేవాడికి ఇల్లు. కాలేజీ కుర్రాళ్ళని తూచడానికి ఈ దేశంలో వచ్చినన్ని సాధనాలు మరెక్కడా రాలేదు. చేతుల బార కొలుస్తారు, ఎగురు కొలుస్తారు, ఇప్పుడు ప్రతి అడుగూ కెమేరాలు లెక్కపెడతాయి. ఎముకకి స్కానింగులున్నాయి. అయినా నొప్పుందా అన్న ప్రశ్నకి జవాబు మాత్రం ఆ కుర్రాడి నోట్లోంచే రావాలి.

బూయీ మొదటి సీజన్ బాగానే ఆడాడు. 76 ఆటలు, సగటు 10 పాయింట్లు, కొత్తవాళ్ళ మేటి జట్టులో చోటు. ఆ తర్వాత 38 ఆటలు. ఆ తర్వాత అయిదు. ఆ తర్వాతి ఏడు సున్నా. మళ్ళీ ఇరవై. అయిదేళ్ళలో 139 ఆటలు. అంటే ఆ కాలు అప్పుడే విరిగిపోతుందని తెలియదు, మొదటి ఏడంతా నిలబడింది కూడా. జోర్డన్ పాదం కూడా రెండో సీజన్ మూడో ఆటలోనే విరిగింది, ఆ ఏడు అతను ఆడింది 18 ఆటలే. అది మానింది. ఇది మానలేదు. ఎముకలకి ఏ స్కౌటూ రిపోర్టు రాయలేడు.

1989లో బూయీని న్యూజెర్సీకి ఇచ్చి బక్ విలియమ్స్‌ని తెచ్చుకున్నారు. ఆ బేరంతోనే పోర్ట్‌లండ్ 1990లోనూ 1992లోనూ ఫైనల్స్‌కి వెళ్ళింది. బూయీ వల్ల ఈ ఊరికి దక్కినదేమైనా ఉంటే అదే, కానీ దాన్ని ఎవరూ లెక్కలో వెయ్యరు. 1992 ఫైనల్లో ఎదురుగా ఉన్నది చికాగో. డ్రెక్స్‌లర్ గొప్పా జోర్డన్ గొప్పా అని పత్రికలు వారం రోజులు రాశాయి. మొదటి ఆట మొదటి సగంలోనే జోర్డన్ ఆరు మూడు పాయింట్ల బంతులు దింపి, మొత్తం 35 పాయింట్లు చేసి, నాకేం తెలీదన్నట్టు భుజాలెగరేశాడు. మా పెద్దాయన ఆ రాత్రి టీవీ కట్టేసి బయట లాన్‌కి నీళ్ళు పెట్టుకున్నాట్ట.

బూయీ న్యూజెర్సీలో బాగానే ఆడి, మొత్తం పది సీజన్లు ఈ లీగులో ఆడి, 1995లో మానేశాడు. పొందిన జీతం పొందాడు, వాళ్ళవాళ్ళ అవసరాలు తీరి ఉంటాయి. ఆ తర్వాత కెంటకీలో లెక్సింగ్టన్ దగ్గర స్థిరపడి, బండి కట్టి పరిగెత్తించే పందెపు గుర్రాలు చూసుకుంటున్నాడని చదివాను. అందులోనూ మొదటి పని కాళ్ళు చూడటమేగా!

పెద్దన్నయ్యకి ఇప్పుడు ఊళ్ళో ఎరువుల కొట్టుంది. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు కొట్లో కూర్చుని ఈ బూయీ కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "ఎన్నేళ్ళకి బైట పెట్టాడన్నావు?" అనడిగాడు. ఇరవయ్యెనిమిది అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. నేనే ఉండబట్టలేక, "అప్పుడు నువ్వు నొప్పుందని చెప్పుంటే ఏమయ్యేది పెద్దన్నయ్యా?" అన్నాను.

"ఏవుందిరా, నా వెనకాల లైన్లో నిలబడ్డోడు వెళ్ళేవాడు," అని, యూరియా బస్తా మీద చెయ్యి ఆనించి, ఆ మోకాలు జాగ్రత్తగా చూసుకుంటూ లేచాడు.