వేల్పూర్ ప్రాంత బీడీ కార్మికుల ఆరోగ్యం

నిజామాబాద్ జిల్లా వేల్పూర్ చుట్టుపక్కల పల్లెల్లో బీడీలు చుట్టేది ఎక్కువగా పేదింటి ఆడవాళ్లే. తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరించి, చాటలోని తంబాకు నింపి, దారం చుట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. గంటల తరబడి తలవంచి కూర్చోవడంతో మెడ, నడుము నొప్పులు. పొగాకు దుమ్ముతో దగ్గు, ఆయాసం. నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. ఇల్లే పనిచోటు కనుక పసిపిల్లలూ ఆ దుమ్మునే పీలుస్తారు. అన్నింటికన్నా బాధాకరం ఇదే. 1976 నాటి బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వైద్యసాయానికి దారి చూపింది. అయితే సాయాన్ని గుర్తింపు కార్డుకు ముడిపెట్టడం వల్ల కార్డు లేనివారు వెలుపలే మిగిలారు. నిధికి ఆధారమైన బీడీ సెస్సు జీఎస్టీ రాకతో 2017లో రద్దయింది. తెలంగాణ ప్రభుత్వం ఆసరా పథకం కింద బీడీ కార్మికులకు ఇచ్చే జీవనభృతి 2019లో నెలకు 2,016 రూపాయలైంది.