తాలీం

తెలుగులో ఒళ్ళు పెంచే మాటలన్నీ ఏరి ఒకచోట పోసి చూడండి. కసరత్తు అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా వచ్చింది. కుస్తీ, పహిల్వాన్ ఫార్సీ మాటలు. ఉస్తాద్ అంటే గురువు. తెలుగు నోట్లో పడి వస్తాదయ్యాడు; గురువు పోయి కండలే మిగిలాయి. తాలీం అంటే చదువు. ముగ్దర్ తిప్పడాన్నీ, దండీలు, బస్కీలు తీయడాన్నీ చదువు కిందే లెక్కగట్టిన మనుషులు ఆ చోటుకు తాలీంఖానా అని పేరు పెట్టారు.

ఈ మాటలు మా ఇళ్ళలోనే ఉండిపోలేదు. వీరఘట్టంలో పుట్టి, గొలుసులు తెంచి, ఏనుగును రొమ్ము మీద నిలబెట్టుకొని కలియుగ భీముడనిపించుకున్న కోడి రామమూర్తి కాలానికి కోస్తా ఊళ్ళల్లో కూడా అది తాలింఖానాయే. 1910లో లండన్‌లో, 1928లో పటియాలాలో పోలండ్ మల్లుడు జిబిస్కోతో తలపడిన గామా ముసల్మాను. అతన్ని పోషించింది పటియాలా సిక్కు మహారాజు. గోదాలోని మట్టి ఎవరి ఒంటికైనా ఒకే తీరుగా అంటింది.

మరి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మా తరానికి ఆ చదువు ఎందుకు దక్కలేదు?

నిజాం సర్కారు అఖాడాలను చూసి జడుసుకుంది. అనుమతి లేనిదే నడపొద్దంది. 1938-39 ఆర్యసమాజ్ సత్యాగ్రహం నాటి ఫిర్యాదుల్లో అదీ ఒకటి. హిందువు దండీలు తీస్తే రాజ్యం ఉలిక్కిపడింది. ఆ తర్వాత రజాకార్లు వచ్చి కసరత్తును కవాతు చేశారు. వాళ్ళ దౌర్జన్యాన్ని మేం దాచుకోం. వాళ్ళను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో ప్రాణం పోగొట్టుకున్న షోయబుల్లా ఖాన్ కూడా మావాడే. సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. ఎక్కువ దెబ్బతిన్నవని సుందర్‌లాల్ కమిటీ చెప్పిన నాలుగు జిల్లాల్లో నాందేడ్ ఒకటి. అది ఆదిలాబాద్‌ను ఆనుకునే ఉంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. రద్దు కావలసినవే. కానీ పహిల్వాన్లకు పాలూ బాదమూ పోసిన దేవిడీలు కూడా వాటితోపాటే చల్లారాయి.

అన్నిటికన్నా మించి, నిన్న సర్కారుకు అఖాడా మీద పుట్టిన అనుమానమే మా వైపు మళ్ళింది. పహిల్వాన్ అన్న మాట రౌడీకి మారుపేరైంది. "ఒళ్ళు పెంచుతున్నవేందిరా, ఎవర్ని కొట్టనీకి?" అని మమ్మల్ని నవ్వుతూనే అడిగిన దోస్తులున్నారు. అదే కండ పక్కింటి కుర్రాడికి ఉంటే ఆరోగ్యం. 1992 డిసెంబర్ తర్వాత ఇంట్లో అమ్మీలే భయపడ్డారు. "నలుగురు గుంపుగ పోకుండ్రి బేటా, ఒక్కొక్కరే పోండ్రి" అనేవాళ్ళు. మేం కరీంనగర్‌లో తిరిగిన ఆ వయసులో, బజార్లో వేగంగా నడవడానికే ఆలోచించేవాళ్ళం. ఇక బరువులెత్తడమెక్కడిది?

బలం లేదని కాదు. ఆదిలాబాద్ పత్తిని ఏకిన దూదేకుల భుజాలున్నాయి. గోదావరిఖని, బెల్లంపల్లి బొగ్గుబాయిల్లో దిగిన నడుములున్నాయి. జమ్మికుంట మార్కెట్‌లో బస్తాలు మోసిన హమాలీ వీపులున్నాయి. కాని మోత వేరు, తాలీం వేరు. క్వింటాల్ బస్తా మొదటి రోజైనా, పదేళ్ళు పోయాకైనా, జ్వరం వచ్చిన రోజైనా క్వింటాలే. ఆ బరువును నిర్ణయించేది సేటు. తాలీంలో బరువును నిర్ణయించేది మన ఒళ్ళు. బాగా చేస్తే రేపు కాస్త పెంచుతారు, నొస్తే తగ్గిస్తారు, మధ్యలో ఒక రోజు వదిలేస్తారు. మా అబ్బాల వీపులకు ఆ వదిలేసిన రోజు ఎన్నడూ రాలేదు.

మేం జిమ్ము మెట్లెక్కేసరికి నలభై దాటింది. వేసుకుపోయింది శాండో బనీనే. 1904-05లో మన దేశమంతా తిరిగిపోయిన జర్మన్ బలశాలి యూజెన్ శాండో పేరు బనీనుకైనా మిగిలింది, మా ఉస్తాదుల పేర్లు దేనికీ మిగల్లేదు. సిగ్గుపడుతూ పక్కవాడిని చూసి రెండువైపులా ఇనుప బిళ్ళలు తగిలించబోతే, నేర్పే కుర్రాడు చెయ్యి పట్టుకున్నాడు. "ఖాళీ రాడే ఇరవై కిలోలుంటది చాచా. ముందు దాంతోటి కూసోని లేవుండ్రి." మడమలు నేలకు ఆనించి, వెన్ను వంగకుండా, ఊపిరి బిగబట్టి కూర్చుని లేవడం అంత సులువేం కాదు. నొప్పి ఆ రోజు లేదు, రెండో రోజు వచ్చింది. దర్జాగా మెట్లు దిగలేకపోయాం. నెల తిరిగేసరికి బరువు పెరిగింది గాని అద్దంలో కండ మాత్రం పెరగలేదు. మొదటి వారాల్లో పెరిగే బలం చాలావరకు కండది కాదట, ఉన్న కండను పిలిచి పనిలో పెట్టడం మెదడు, నరాలు నేర్చుకుంటాయట. కండ వచ్చేది ఆ తర్వాత, తిండితో, నిద్రతో. తిండంటే డబ్బాల్లో అమ్మే పొడి కాదు. పప్పు, గుడ్డు, దొరికిన నాడు పెద్దకూర.

ముందు నేర్చుకోవడం, తర్వాతే బలం. పాతవాళ్ళు తాలీం అన్నది ఊరికే అనలేదు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ తాలీంఖానాల్లో మా అమ్మీలకు, ఆపాలకు చోటు లేదు. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలెత్తి ఒలింపిక్ కంచు పతకం తెచ్చింది. మా పక్క జిల్లా నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ 2022, 2023లలో వరుసగా బాక్సింగ్ ప్రపంచ విజేత అయింది. ఈ పిల్ల నిక్కరు వేసుకుని ఆడితే నోరు పారేసుకున్నది బయటివాళ్ళు మాత్రమే కాదు, మనవాళ్ళు కూడా. ఆమె గెలిచి వచ్చాక పూలదండలు పట్టుకుని ముందు నిలబడ్డ వాళ్ళలోనూ మనవాళ్ళున్నారు.

మొన్న మా చిన్న బేటీ అడిగింది, "అబ్బా, నీ జిమ్ముల ఆడోళ్ళకు టైమెప్పుడు?" అని. పోయి కనుక్కున్నాం. లేదన్నారు. పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఎట్లాగూ ఖాళీగానే ఉంటుంది కదా అని అడిగాం. పదిమంది పేర్లిస్తే చూస్తామన్నారు. ఇప్పటికి నలుగురయ్యారు.