మోకాళ్ళనొప్పులు: తప్పంతా నీళ్ళదేనా?

మా పల్నాడులో ఎవరికి కీళ్ళనొప్పులొచ్చినా ముందు తిట్లు తినేది నీళ్ళే. ఊరికే కాదులెండి. ఫ్లోరైడు నీళ్ళు ఎముకల్ని ఎలా బిగదీస్తాయో 1937లోనే షార్ట్ అనే డాక్టరు బృందం అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళు చూసి రాసింది. మరి గాలి సంగతో?

1914లో ఎడిన్‌బరోలో బ్రామ్‌వెల్ అనే డాక్టరు, చర్మం గట్టిపడిపోయే స్క్లెరోడెర్మా రాళ్ళు చెక్కేవాళ్ళలో కనిపిస్తోందని గమనించాడు. 1953లో కాప్లాన్, కీళ్ళవాతం ఉన్న వేల్స్ బొగ్గుగని కార్మికుల ఎక్స్‌రేల్లో ఊపిరితిత్తుల నిండా గుండ్రటి మచ్చలు చూశాడు. సిలికా దుమ్ము పీల్చేవాళ్ళకి, అందులోనూ సిగరెట్ తాగితే, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ముప్పు ఎక్కువని ఈమధ్య స్వీడన్‌వాళ్ళు లెక్కతేల్చారు. ఊపిరితిత్తుల్లో మొదలైన గొడవ వల్ల మన రోగనిరోధక వ్యవస్థే మన కీళ్ళమీద పడుతుందని అనుమానం. బగ్ ఒకచోట, క్రాష్ ఇంకోచోట అన్నమాట!

మాచర్లలో 1958 నుంచే సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. పిడుగురాళ్ళ సున్నం బట్టీల గురించి చెప్పక్కర్లేదు. సున్నపురాయిలో సిలికా తక్కువే, కాబట్టి వేల్స్ కథ ఇక్కడ ఉన్నదున్నట్టు అతకదు. కానీ బట్టీల పొగ, రాయి కోసే దుమ్ము ఉన్నాయిగా. మోకాళ్ళు పట్టుకుని వచ్చిన కూలీని "ఏ నీళ్ళు తాగుతావ్?" అని అడిగే డాక్టరుగారు "ఏం పని చేస్తావ్?" అని కూడా అడగొచ్చు కదా? ఆ ప్రశ్న అడగమని ఇటలీలో రామజ్జిని 1700లోనే డాక్టర్లకి చెప్పాడు.