ప్రభువు బల్లకు ముందు: పలివెల ప్రాంత క్రైస్తవంలో క్షమాపణ, మనశ్శాంతి

తెలుగు క్రైస్తవం మీద వచ్చిన పరిశోధనలో ఎక్కువ భాగం బాప్తిస్మం రోజుతో మొదలై ఆ రోజు దగ్గరే ఆగిపోతుంది. ఎవరు మారారు, ఏ కులంవారు, ఏ లాభం చూసి మారారు అన్న మూడు ప్రశ్నలు దాదాపు నూరేళ్ళుగా నలుగుతున్నాయి. మారినవాళ్ళు మూడు నాలుగు తరాలుగా ఆ విశ్వాసంలో ఎలా నిలిచారు, వాళ్ళకు దొరికిన నెమ్మది ఎలాంటిది అని అడిగినవాళ్ళు బహు కొద్దిమంది. కోనసీమలోని పలివెల, వాడపాలెం, వానపల్లి దళిత పేటల్లో సాక్ష్యాలు వింటున్నప్పుడు నన్ను మొదట తట్టిన విషయం ఇదే. మారిన సంగతి అడిగితే తాతల కాలంలో దేవుణ్ణి నమ్ముకున్నామండీ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఎవరితో మాటలు మానేశారు, మళ్ళీ ఎప్పుడు కలిశారు, ఎవరు ముందు ఎవరి గుమ్మం ఎక్కారు అన్నది మాత్రం గంటల తరబడి చెబుతారు. చెప్పేవాళ్ళు దేనికి ఎక్కువ చోటిస్తున్నారో పరిశోధకుడు చూసుకోవద్దా?

ఈ చూపు తప్పడానికి మూలపురుషుడు జె. వాస్కమ్ పికెట్. 1933లో వెలువడిన ఆయన 'క్రిస్టియన్ మాస్ మూవ్‌మెంట్స్ ఇన్ ఇండియా' ఇప్పటికీ ఈ రంగంలో ప్రమాణగ్రంథంగా చలామణీ అవుతోంది. క్రైస్తవులైనవాళ్ళను ఎందుకయ్యారని అడిగి, వచ్చిన జవాబులను ఆధ్యాత్మికం, లౌకికం, సామాజికం, పుట్టుకతో వచ్చినది అని నాలుగు గంపల్లోకి సర్దాడాయన. ఊరు ఊరంతా ఎరిగిన తగువు తీరి, ఆ రాత్రి హాయిగా నిద్రపట్టినవాడి జవాబును ఏ గంపలో వేయాలి? దేవుడు క్షమించాడు కాబట్టి అన్నను క్షమించానన్నవాడిది ఆధ్యాత్మికమా, సామాజికమా? ఆ విభజన పాశ్చాత్యుల ఇంటి సరుకు. పేటలో అది చెల్లదు. బాప్తిస్మం తరువాతి బోధ, పోషణే ఫలితాన్ని నిర్ణయిస్తాయని పికెటే రాసిన మాట నిజం. అయినా తరువాతివాళ్ళు ఆ పేజీలు వదిలేసి పట్టికలే పట్టుకున్నారు. దళిత దృక్పథంతో రాసినవాళ్ళు కూడా 'సామాజికం' గంపను పెద్దది చేశారే తప్ప గంపలను పారేయలేదు.

కోనసీమ విషయంలో లెక్కకు దొరకనిది ఇంకొకటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు గాని క్రైస్తవులకు తెరవలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వెళ్ళిన షెడ్యూల్డు కులాలవారు కాగితం మీద బీసీ-సి. ఎస్సీ హోదా పోకూడదని హిందువుగానే నమోదై ఉండడం వల్ల ఆదివారం మందిరంలో ఉన్నవాడు సోమవారం ధ్రువపత్రంలో వేరొకడు. జనాభా లెక్కలు పట్టుకుని ఇక్కడి క్రైస్తవాన్ని కొలవబోయేవాళ్ళకు నా సానుభూతి.

ఇక అసలు సంగతి. గోదావరి డెల్టాకు ఈ క్రైస్తవం పెద్ద పెద్ద మిషన్ కార్యాలయాల నుంచి రాలేదు. బ్రదరెన్ ఉద్యమానికి చెందిన మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ప్రోద్బలంతో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం నుంచి 1836లో బయలుదేరి వచ్చి, చివరకు వసిష్ఠ గోదావరి ఆవలి వైపు నరసాపురం, పాలకొల్లుల్లో స్థిరపడ్డారు. బౌడెన్‌ది రాతిపని, బీర్‌ది చెప్పులు కుట్టే పని. వీళ్ళకు జీతమిచ్చే సంస్థ వెనుక లేదు. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న రోజుల్లో, అంటే 1847-52 మధ్య, రాళ్ళు మోసే కూలీల మధ్యకు వెళ్ళి బోధించారు. గోదావరి డెల్టా మిషన్ అని తరువాత పేరుపడ్డ ఈ బ్రదరెన్ సంఘాల్లో బిషప్పు లేడు. సంఘాన్ని నడిపేది స్థానిక పెద్దలు. ప్రతి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరుస్తారు. నా వాదనంతా ఈ ఆఖరి వాక్యం మీదే నిలబడి ఉంది.

లూథరన్, ఆంగ్లికన్ గ్రామసంఘాల్లో ప్రభువు బల్ల గురువుగారు వచ్చినప్పటి మాట. ఇక్కడ అది వారం వారం వస్తుంది. సోదరుడికి నీ మీద ఏదైనా ఉంటే అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమన్న మత్తయి ఐదో అధ్యాయపు ఆజ్ఞ, అయోగ్యంగా తినేవాడి గురించి పౌలు కొరింథీయులకు చేసిన హెచ్చరిక ఇక్కడ గోడమీది వాక్యాలుగా ఉండిపోలేదు. తగువులో ఉన్నవాడు తనంతట తానే బల్లకు దూరంగా కూర్చుంటాడు. రొట్టె పళ్ళెం తన ముందునుంచి సాగిపోతుంటే పేటంతా చూస్తుంది. ఆ చూపు తప్పించుకోవాలంటే శనివారం పొద్దుగూకేలోపు అవతలివాడి ఇంటికి వెళ్ళాల్సిందే. గట్టు జరిపిన తగువు కావచ్చు, కొబ్బరిచెట్టు వాలిన తగువు కావచ్చు, పెళ్ళిలో మర్యాద తగ్గిందన్న అలక కావచ్చు. పెద్దలు ఇద్దరు ముగ్గురు వెంట వెళతారు. అది మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలోని క్రమమే: మొదట ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరిని తీసుకుని, అప్పటికీ కాకపోతే సంఘం ముందు. మోకాళ్ళూని ప్రార్థన చేస్తారు, కాఫీ తాగుతారు, లేస్తారు. ఈ కాఫీని తక్కువగా చూడవద్దు; మాటలు మానేసిన ఇంట్లో మంచినీళ్ళయినా ముట్టరన్నది కోనసీమలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

ఇలా చూస్తే ఇక్కడ మనశ్శాంతి ఒకసారి దొరికి పెట్టెలో దాచుకునే సొత్తు కాదు. ప్రతి వారమూ మళ్ళీ సంపాదించుకునేది. నిలకడ కూడా దానికి ఆ మళ్ళీ మళ్ళీ వల్లే వచ్చింది. మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలోనే ఉన్న అప్పుల ఉపమానం, లక్షల బాకీ మాఫీ అయినవాడు వంద దేనారాల బాకీదారు గొంతు పట్టుకున్న కథ, కౌలు బాకీలు, పాలేరు జీతంలో కోతలు ఎరిగినవాళ్ళకు ఎంత దగ్గరగా తగిలిందో వాళ్ళ ప్రసంగాల్లో వినాలి.

పలివెలలో ఈ నేల ముందే దున్ని ఉందని నా అనుమానం. ఇక్కడి ఉమా కొప్పులింగేశ్వరస్వామి గుడి స్థలకథ అందరికీ తెలిసిందే: వేశ్యా వ్యామోహంలో పడిన అర్చకుడు, ప్రసాదంలో వెంట్రుక, స్వామికి కొప్పుందని రాజు ముందు బొంకు, తెల్లారేసరికి లింగం మీద నిజంగానే కొప్పు. భక్తుడి తప్పును దేవుడు తన నెత్తిమీద వేసుకున్న కథ ఇది. శిక్షించలేదు, బయటపెట్టలేదు, తానే ఆ అవమానాన్ని ధరించాడు. ఈ కథ గాలిలో ఉన్న ఊళ్ళో, మన పాపం తన మీద వేసుకున్న దేవుడనే బోధ వింతగా వినిపించి ఉండదు. పొరుగునే మందపల్లిలో శనీశ్వరుడికి తైలాభిషేకం చేయించి పీడ తీర్చుకుంటారు. అక్కడ కొలత వేరు, గ్రహం శాంతించాలి. పలివెల కథలో దోషం దేవుడే మోస్తాడు. క్రైస్తవం కోనసీమలో నిలదొక్కుకున్నది పలివెల దారినే గాని మందపల్లి దారిన కాదని నేను అంటాను. ఈ పేటలవాళ్ళను ఆ గుడిలోకి రానిచ్చింది ఎప్పుడని అడిగేవాళ్ళుంటారు. కథకు గర్భగుడి తలుపులు అడ్డం కావు.

దీనికి తోడుగా ముంగమూరి దేవదాసు అయ్యగారిని చెప్పుకోవాలి. జేగురుపాడులో పుట్టి, లూథరన్ సంఘం నుంచి బయటికి వచ్చి 1938లో బైబిలు మిషను స్థాపించిన ఈయన మౌనంగా కనిపెట్టే 'సన్నిధి'ని సాధనగా నేర్పారు. మనసులోని కశ్మలమంతా ఒప్పుకుని ఖాళీ అయ్యాకే అక్కడ కూర్చోవాలి. బ్రదరెన్ వారి బల్ల పదిమంది ముందు చేయించే పనిని సన్నిధి ఒంటరిగా చేయిస్తుంది. రెండింటికీ వాకిలి మాత్రం ఒప్పుకోలే.

తాగి కొట్టే మొగుణ్ణి ఏడు డెబ్బైల సార్లు క్షమించమని ఆడవాళ్ళకే చెప్పే అలవాటు ఈ సంఘాల్లో ఉందన్నది కాదనలేని సంగతి. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద గొడవై 2022 మే 24న అమలాపురం తగలబడినప్పుడు పేట లోపలి క్షమ పేట వెలుపలి కులద్వేషాన్ని చల్లార్చలేదన్నదీ అంతే నిజం. అయినా, తన గౌరవం మీద దెబ్బపడ్డ మనిషి కక్షలో కాలిపోకుండా పోరాడగలగడానికి కావలసిన స్థిమితం ఇక్కడే తయారైంది. ఇక్కడి దళిత క్రైస్తవులు కోర్టుల్లో ఏళ్ళ తరబడి ఓపిక పట్టి నిలబడడం వెనుక ఈ వారం వారం సాధన ఉందనే నా నిర్ణయం.

దీన్ని రుజువు చేయాలన్నా, కొట్టిపారేయాలన్నా ఆధారాలు సంఘాల మినిట్స్ పుస్తకాల్లో ఉన్నాయి. ఎవరిని సహవాసం నుంచి తీశారు, ఎప్పుడు చేర్చుకున్నారు, ఏ తగువు ఎలా తీరింది అన్నదంతా ఆ గీతల నోటుబుక్కుల్లో పెద్దల చేతిరాతలో ఉంది. పెద్దల ఇళ్ళ అటకల మీద అవి చెమ్మకు, చెదలకు పోతున్నాయి. కోనసీమ కళాశాలల్లో పరిశోధన చేస్తున్న యువకులు మరో బాప్తిస్మ పట్టిక తయారుచేసే ముందు వాటిని ఫోటోలు తీసి భద్రపరచాలని కోరుతున్నాను.