సంగటి ముద్ద పుట్టిన దేశం

హిందూపురం బడిలో సాంఘికశాస్త్రం చెప్పినన్నాళ్లూ, ఆఫ్రికా పటం విప్పితే నా బెత్తం మొదట ఇథియోపియా మీదే ఆగేది. ఈజిప్టు పిరమిడ్లు ఆ తర్వాత. పెనుకొండ పల్లెల నుంచి వచ్చే పిల్లలు పొద్దున తిన్న సంగటిలోని రాగికి పుట్టినిల్లు ఇథియోపియా నుంచి ఉగాండా దాకా పరుచుకున్న ఎత్తు నేలలే. ఆ సంగతి చెబితే వెనక బెంచీ పిల్లలు కూడా పటం దగ్గరికొచ్చి చూసేవాళ్లు.

ఎత్తు గురించే ముందు చెప్పాలి. హిందూపురం సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల పైన ఉంటే, ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబా 2,300 మీటర్లు దాటింది. రిఫ్ట్ లోయ ఆ దేశాన్ని నైరుతి నుంచి ఈశాన్యానికి చీల్చుకుంటూ పోతుంది. ఈశాన్యాన డనాకిల్ పల్లం సముద్రమట్టానికి 100 మీటర్లకు పైగా కిందికి దిగిపోయింది. వాయవ్యంలోని టానా సరస్సు నుంచి నీలి నైలు బయల్దేరి, ఖార్టూం దగ్గర తెల్ల నైలుతో కలుస్తుంది. ఇథియోపియా గుట్టల మీద పెద్ద వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మన ముంగారు నెలల్లోనే పడతాయి.

అక్కడ ఒరోమోలు, అమ్హారాలు, సోమాలీలు, తిగ్రాయీలు, ఇంకా ఎందరో ఉన్నారు. భాషలు 80కి పైనే. 1896లో అడ్వా దగ్గర ఇటలీ సైన్యాన్ని ఓడించి స్వాతంత్ర్యం నిలుపుకున్న జనం వాళ్లు. గోజ్జం, గోండర్ రైతులు రాగిని డగూసా అంటారు. ఆ పిండిని టెఫ్ అనే గింజ పిండితో కలిపి పులియబెట్టి, మన దోసెలాగే పెనం మీద వెడల్పుగా ఇంజెరా పోస్తారు.

గింజలాగే మనుషులూ అక్కడి నుంచి మన సీమకు వచ్చారు. బీజాపూరు కొలువులో ఎదిగిన హబ్షీ, అంటే ఆ ఆఫ్రికా మూలాలవాడు, సిద్ది మసూద్ ఖాన్ 17వ శతాబ్దంలో ఆదోనిని ఏలాడు. అక్కడి జామియా మసీదు ఆయన కట్టించిందే. సీమ చరిత్ర చెప్పేటప్పుడు ఆ పేరు విడిచిపెట్టడం అన్యాయం.

హిందూపురం యార్డులో కరిపులి, ఫ్లవర్ అని రకాలు కట్టి వేలం వేసే చింతపండు చెట్టు కూడా ఆఫ్రికాదే. ఆఫ్రికా చింతపులుసుతో ఆఫ్రికా సంగటి తింటూ, అది మన తాతల తిండి అంటున్నాం. వేల ఏళ్లుగా తింటున్నాం కాబట్టి ఆ మాటా నిజమే.

నాకు బాధ కలిగించేది మరొకటి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా అనుమానమైన ధర్మవరం మెట్ట చేలల్లో, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చెనిక్కాయ రాగినీ కొర్రనూ పక్కకు నెట్టింది. వాన మొహం చాటేసిన ఏడు చెనిక్కాయ రైతుకు అప్పే మిగులుతోంది. రాగులైతే పాతరలో పోసినా ఏళ్లపాటు పురుగు పట్టకుండా నిలుస్తాయి. రైతన్నలారా, చేనులో కొన్ని సాళ్లయినా రాగికి వదలండి. అయ్యవార్లూ, పిల్లలకు ఆఫ్రికా పాఠం సంగటితోనే మొదలుపెట్టండి.