కడుపుకోతకు పొలిమేర లేదు

భారతమున యుద్ధపర్వములను ఆసక్తితో చదువు మనము స్త్రీపర్వమును త్వరగా దాటిపోవుచుందుము. నూర్గురు కొడుకులను కోల్పోయిన గాంధారి, అయిదుగురు కొడుకులను కోల్పోయిన ద్రౌపదిని ఓదార్చుట అచ్చటనే. 13వ శతాబ్దమున తిక్కన సోమయాజి తెనిగించిన పర్వములలో అదియు నొకటి. గెలిచినవారి ఇంటను, ఓడినవారి ఇంటను తల్లి దుఃఖమొకటియే. పిమ్మట కుంతి, కొడుకులు గెలిచిన రాజ్యమును విడిచి, గాంధారీ ధృతరాష్ట్రుల సేవకై అడవి కేగెను. ఆమెయు కర్ణుని పోగొట్టుకొన్న తల్లియే కదా!

ఇట్టి స్నేహము పురాణములకే పరిమితము కాదని చూపు ఒక ఉదంతమును మేమిచ్చట స్మరించుచున్నాము. 1997 సెప్టెంబరు 4న యెరూషలేములో జరిగిన ఆత్మాహుతి దాడిలో రామీ ఎల్హానాన్ అను ఇజ్రాయేలీయుని కుమార్తె స్మదార్ మరణించెను. ఆమెకు పదునాలుగేండ్లు నిండలేదు. 2007 జనవరిలో అనాతాలో, బడి సమీపమున, ఇజ్రాయేలు సరిహద్దు పోలీసు కాల్చిన రబ్బరుతొడుగు గుండు తగిలి, బస్సాం అరామిన్ అను పాలస్తీనీయుని పదేండ్ల కుమార్తె అబీర్ అసువులు బాసెను. రామీ 1973 యుద్ధమున పోరాడిన సైనికుడు. బస్సాం యౌవనమున ఇజ్రాయేలు చెరలో ఏడేండ్లు గడపినవాడు. పగ పెంచుకొనుటకు ఇరువురికిని కారణములు కొరవడలేదు.

అయినను వారి త్రోవ వేరయ్యెను. 1994లో కుమారుని కోల్పోయిన యిత్‌జాక్ ఫ్రాంకెంతాల్ 1995లో స్థాపించిన బాధిత కుటుంబముల కూటమిలో రామీ చేరెను. ఆయుధములు విడిచిన ఉభయపక్షముల యోధులు 2005లో వేరొక సంఘమును ఏర్పరచిరి; బస్సాం దాని స్థాపకులలో నొకడు. అందుచే అబీర్ మరణమునకు పూర్వమే వారికి పరిచయము. ఆ దుఃఖమున రామీ అతని చెంత నిలిచెను. బస్సామును ఆ కుటుంబముల కూటమిలో చేరెను. నాటి నుండి ఇరువురును బడులకును సభలకును కలిసి వెళ్లి, ఒకరి వెనుక నొకరు తమ బిడ్డల కథ చెప్పుచు వచ్చిరి.

ఈ స్నేహమునకు అర్థము న్యాయమును వదలుకొనుట కాదు. బస్సాం న్యాయస్థానమున పోరాడెను. అబీర్ మృతికి ప్రభుత్వమే బాధ్యురాలని 2010లో యెరూషలేము న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆమె చదివిన బడిలో ఆమె పేర వెలసిన ఆటస్థలమునకు ఇజ్రాయేలీయులును చేయూతనిచ్చిరి.

ఎన్నూరున తరతరములుగా తమిళుల నడుమ కాపురముండు మనకు, ఇంట మరణము సంభవించినపుడు ముందుగా వచ్చువారు పొరుగువారేయని తెలియును. వారి భాష యేదని ఆ వేళ ఎవరును అడుగరు. అయితే తన బిడ్డను చంపిన పక్షము నుండి వచ్చినవానికి తలుపు తీయుట అంత సులభము కాదు. ఆ కష్టమైన పనిని ఇద్దరు తండ్రులు చేసిరి. మన పిల్లలకు యుద్ధకథలు చెప్పునపుడు ఈ కథను కూడ చెప్పుట మన విధి.