సిద్ధాహారం

సిద్ధాహారం అనగా వంటకు కావలసిన శ్రమలో ఎక్కువ భాగాన్ని ముందుగానే పూర్తిచేసి, చాలాకాలం చెడిపోకుండా నిలువ ఉంచిన ఆహారం. దీనిని వేడిచేసి గాని, నీరు కలిపి గాని, కొన్ని సందర్భాలలో నేరుగా గాని తినవచ్చును. వాడుకలో దీనినే రెడీమేడ్ ఆహారం, ఇన్‌స్టంట్ ఆహారం, ప్యాకెట్ ఆహారం అని అంటారు. హోటలులో అప్పటికప్పుడు వండి ఇచ్చే ఫాస్ట్ ఫుడ్ దీని కిందకు రాదు. నిలువచేసే పద్ధతిని బట్టి సిద్ధాహారాలను మూడు తరగతులుగా విభజించవచ్చును.

* డబ్బా ఆహారాలు: మామిడి గుజ్జు, అనాసపండు ముక్కలు, చేపలు, చిక్కుడు గింజలు, గట్టిపాలు (కండెన్స్‌డ్ మిల్క్), రసగుల్లా మొదలైనవి.
* ఫ్రీజరు ఆహారాలు: పచ్చి బఠాణీలు, పరోటాలు, సమోసాలు, రొయ్యలు, కొబ్బరి తురుము మొదలైనవి.
* అలమార ఆహారాలు: నూడుల్స్, ఇడ్లీ పిండి, గులాబ్ జామ్ పిండి, అటుకులు, పచ్చళ్ళు, పొడులు, అప్పడాలు, వడియాలు మొదలైనవి.

నిలువ ఉండటానికి కారణం

ఆహారం చెడిపోవడానికి ముఖ్య కారణాలు సూక్ష్మజీవులు, ఆహారంలోనే ఉండే ఎంజైములు, గాలిలోని ఆమ్లజని. వీటిలో సూక్ష్మజీవులు పెరగాలంటే నీరు, తగిన వెచ్చదనం అవసరం. ఈ రెండింటిలో ఏదో ఒకటి లేకుండా చేయడం, లేదా ఉన్న సూక్ష్మజీవులను చంపి కొత్తవి చేరకుండా మూసివేయడం - నిలువ పద్ధతులన్నిటికీ ఇదే ఆధారం.

వడియాలను ఎండబెట్టినప్పుడు వాటిలోని నీరు పోతుంది. ఆవకాయలో నీరు ఉన్నప్పటికీ, ఉప్పు దానిని పట్టి ఉంచడం వలన సూక్ష్మజీవులకు అది అందదు. మామిడిలోని పులుపు, పైన తేలే నూనె కూడా రక్షణనిస్తాయి. జాడీలో తడి గరిటె పెట్టకూడదని పెద్దలు చెప్పడానికి కారణం ఇదే.

ఫ్రీజరులో -18 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సూక్ష్మజీవుల పెరుగుదల ఆగిపోతుంది. అయితే అవి అన్నీ చనిపోవు. బయటకు తీసి కరగనిచ్చిన తరువాత మరల పెరుగుతాయి.

డబ్బాలో పెట్టే ఆహారం విషయంలో ఆమ్లత ముఖ్యం. పి.హెచ్. విలువ 4.6 కంటే తక్కువ ఉన్న పుల్లని పదార్థాలకు (మామిడి గుజ్జు, టమాటా వంటివి) నీరు మరిగే వేడి సరిపోతుంది. పులుపు లేని కూరగాయలు, పప్పులు, మాంసం, చేపలలో క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బాక్టీరియా యొక్క సిద్ధబీజాలు బ్రతికి ఉండగలవు. గాలి లేని డబ్బాలో అవి మొలకెత్తి ప్రాణాంతకమైన విషాన్ని పుట్టిస్తాయి. కావున వీటిని రిటార్ట్ అనే పెద్ద ఆవిరి పాత్రలో ఒత్తిడితో సుమారు 121 డిగ్రీల వరకు వేడిచేస్తారు. ఇంటిలోని ప్రెషర్ కుక్కరు పనిచేసే సూత్రం కూడా ఇదే.

చరిత్ర

డబ్బాలు

ఫ్రెంచి మిఠాయి వ్యాపారి నికోలాస్ అప్పేర్ ఆహారాన్ని గాజు సీసాలలో నింపి, బిరడా బిగించి, నీటిలో మరిగించే పద్ధతిని కనిపెట్టాడు. సైన్యానికి, నౌకాదళానికి ఉపయోగపడే ఈ పద్ధతికి ఫ్రెంచి ప్రభుత్వం 12,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. పద్ధతిని అందరికీ తెలిసేలా ప్రచురించాలన్న షరతు మేరకు అతడు 1810లో పుస్తకం ప్రకటించాడు. సూక్ష్మజీవుల పాత్రను లూయీ పాశ్చర్ నిరూపించడానికి సుమారు అర్ధ శతాబ్దం ముందే ఇది జరిగింది. అంటే పద్ధతి తెలిసింది గాని, అది ఎందుకు పనిచేస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

అదే 1810లో ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ తగరపు పూత గల ఇనుప డబ్బాలకు పేటెంటు పొందాడు. 1813 నాటికి బ్రయన్ డాంకిన్ కర్మాగారం నుండి డబ్బా మాంసం బ్రిటిష్ సైన్యానికి, నౌకాదళానికి చేరసాగింది. ఆ డబ్బాలను ఉలి, సుత్తులతో తెరవవలసి వచ్చేది. డబ్బా తెరిచే పనిముట్టుకు పేటెంట్లు 1850లలో మాత్రమే వచ్చాయి.

1845లో సర్ జాన్ ఫ్రాంక్లిన్ నాయకత్వంలో ఉత్తర ధ్రువ సముద్రాలకు బయలుదేరిన రెండు ఓడలు పెద్ద మొత్తంలో డబ్బా ఆహారాన్ని తీసుకొని వెళ్ళాయి. వాటిలోని 129 మందీ తిరిగి రాలేదు. డబ్బాల అతుకులలోని సీసం వారి మరణాలకు కారణమని 1980లలో కొందరు పరిశోధకులు భావించారు. తరువాతి పరిశోధనలు దీనిపై సందేహాలు వ్యక్తం చేశాయి. నేటి ఆహార డబ్బాలకు సీసపు అతుకులు వాడరు.

1856లో అమెరికాలో గెయిల్ బోర్డెన్ గట్టిపాలకు పేటెంటు పొందాడు. 1890లలో శామ్యూల్ ప్రెస్కాట్, విలియం అండర్‌వుడ్ కలిసి డబ్బాలు ఉబ్బి చెడిపోవడానికి కారణమైన బాక్టీరియాను పరిశోధించి, ఎంత వేడి, ఎంతసేపు కావాలో లెక్కకట్టే శాస్త్రానికి పునాది వేశారు.

ఘనీభవనం

అమెరికాకు చెందిన క్లారెన్స్ బర్డ్స్‌ఐ 1910లలో కెనడాలోని లాబ్రడార్ ప్రాంతంలో ఉన్నప్పుడు, స్థానికులు పట్టిన చేపలు అక్కడి తీవ్రమైన చలిలో క్షణాలలో గడ్డకట్టడం, కరిగించి వండితే తాజా చేపల వలె ఉండటం గమనించాడు. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి కణాలను చీలుస్తాయి. త్వరగా గడ్డకడితే చిన్న స్ఫటికాలే ఏర్పడి ఆహారపు రూపం, రుచి నిలుస్తాయి. ఈ సూత్రంతో తయారైన ఆహారాలు 1930లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాలలో అమ్మకానికి వచ్చాయి.

నూడుల్స్

జపానులో రెండవ ప్రపంచయుద్ధం తరువాతి ఆహార కొరతను చూసిన మొమొఫుకు ఆండో, వండిన నూడుల్స్‌ను నూనెలో వేయించి తేమను తొలగించే పద్ధతిని రూపొందించి 1958లో మొదటి ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను విడుదల చేశాడు. వేయించేటప్పుడు ఏర్పడే సన్నని రంధ్రాలలోనికి వేడినీరు చొరబడటం వలన అవి కొద్ది నిమిషాలలో మెత్తబడతాయి. 1971లో కప్పు నూడుల్స్ వచ్చాయి.

వివిధ దేశాలలో

ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క సిద్ధాహారానికి ఆదరణ ఉంది. బ్రిటనులో టమాటా రసంలో ఉడికించిన డబ్బా చిక్కుడు గింజలను కాల్చిన రొట్టెపై వేసుకొని తినడం సామాన్యం. 1955లో వచ్చిన చేప ముక్కలు (ఫిష్ ఫింగర్స్) అక్కడి పిల్లలకు ఇష్టమైనవి. అమెరికాలో 1937లో మొదలైన స్పామ్ అనే డబ్బా పందిమాంసం రెండవ ప్రపంచయుద్ధ కాలంలోను, ఆ తరువాత కాలంలోను సైన్యంతోపాటు హవాయి, కొరియా మొదలైన చోట్లకు చేరింది. హవాయిలో దానిని అన్నపు ముద్దపై పెట్టి తింటారు. కొరియాలో యుద్ధానంతరపు పేదరికంలో సైనిక శిబిరాల మాంసంతో చేసిన పులుసు నేటికీ అభిమాన వంటకంగా మిగిలింది.

భారతదేశంలో

మైసూరులో 1950లో కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ, 1961లో రక్షణ ఆహార పరిశోధనా ప్రయోగశాల ఏర్పడ్డాయి. రెండవ సంస్థ ఎత్తైన మంచు ప్రాంతాలలోని సైనికుల కొరకు, వండిన ఆహారాన్ని మెత్తని సంచులలో మూసి రిటార్టులో వేడిచేసే పద్ధతిని అభివృద్ధి చేసింది. ఈ సంచులు డబ్బాల కంటే తేలికగా ఉంటాయి. ఫ్రిజ్ అవసరం లేదు. నేడు దుకాణాలలో దొరికే తయారు పప్పు, పాలక్ పనీర్, పులావు సంచులు ఈ రకానికి చెందినవే. 1984లో అంతరిక్ష యాత్ర చేసిన రాకేశ్ శర్మకు భారతీయ వంటకాలను సిద్ధం చేసినది కూడా ఈ ప్రయోగశాలయే.

పూనాలో 1963లో మొదలైన గిట్స్ సంస్థ, బెంగుళూరులో 1924లో ఫలహారశాలగా మొదలైన ఎం.టి.ఆర్. సంస్థ గులాబ్ జామ్, రవ్వ ఇడ్లీ, దోసె మొదలైన పిండి మిశ్రమాలకు ప్రసిద్ధి పొందాయి. 1959లో బొంబాయిలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన లిజ్జత్ పాపడ్, ఇంటి వంటకం స్త్రీలకు జీవనోపాధిగా మారడానికి మంచి ఉదాహరణ.

1980లలో వచ్చిన మ్యాగీ నూడుల్స్ పట్టణాల పిల్లలకు అభిమాన ఆహారమయింది. 2015 జూన్‌లో సీసం ఎక్కువగా ఉన్నదన్న పరీక్షల ఆధారంగా భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ వీటి అమ్మకాన్ని నిషేధించింది. సహజ న్యాయసూత్రాలను పాటించలేదని, పరీక్షల విధానం సరిగా లేదని బొంబాయి హైకోర్టు అదే ఏడాది ఆగస్టులో ఆ నిషేధాన్ని కొట్టివేసి, మరల పరీక్షలు జరపమన్నది. ఆ పరీక్షల అనంతరం నవంబరులో అమ్మకాలు తిరిగి మొదలయ్యాయి.

తెలుగు ప్రాంతాలలో

కర్మాగారాలు రాకముందే తెలుగు ఇండ్లలో సిద్ధాహారం ఉండేది. అటుకులు, పేలాలు, సత్తుపిండి ప్రయాణాలకు పనికివచ్చేవి. కుచేలుడు శ్రీకృష్ణునికి తీసుకొనివెళ్ళినది కూడా అటుకులే. వేసవిలో పెట్టే ఆవకాయ, మాగాయ, గుమ్మడి వడియాలు, మినపప్పు అప్పడాలు, మజ్జిగ మిరపకాయలు ఏడాది పొడుగునా కూర లేని రోజును గడిపేవి. కందిపొడి, నెయ్యి ఉంటే అన్నం వండుకోవడమే మిగిలేది. సంక్రాంతికి చేసే సకినాలు, అరిసెలు కూడా చాలా రోజులు నిలుస్తాయి. ఉమ్మడి కుటుంబాలు తగ్గి, స్త్రీలు ఉద్యోగాలకు వెళ్ళడం పెరగడంతో ఈ పనులు క్రమంగా దుకాణాలకు మారాయి. 1980లో హైదరాబాదులో మొదలైన ప్రియా పచ్చళ్ళు ఈ మార్పుకు ఒక గుర్తు.

చిత్తూరు ప్రాంతం మామిడి గుజ్జు పరిశ్రమకు ప్రసిద్ధి. ఇక్కడి తోతాపురి రకం గుజ్జును 3.1 కిలోల డబ్బాలలోను, క్రిమిరహితమైన పెద్ద సంచులలోను నింపి ఎగుమతి చేస్తారు. పండిన కాయలను రైతు దాచుకోలేడు గనుక, గుజ్జు కర్మాగారాలు కొనే ధరపైనే అతని ఏడాది ఆదాయం ఆధారపడి ఉంటుంది. 2025లో ధర బాగా పడిపోయినప్పుడు, కర్మాగారాలు చెల్లించే 8 రూపాయలకు తోడు ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు సహాయంగా ప్రకటించవలసి వచ్చింది. కోస్తా జిల్లాలలో పెంచే రొయ్యలను ఘనీభవింపజేసి విదేశాలకు పంపుతారు.

విదేశాలలోని తెలుగువారికి అక్కడి భారతీయ దుకాణాలలో ఫ్రీజరులో దొరికే ములక్కాడ ముక్కలు, గోంగూర, కొబ్బరి తురుము ఎంతో ఉపయోగకరం. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ కాలంలో ప్యాకెట్ ఆహారాలకు గిరాకీ పెరిగింది.

పోషక విలువలు

సిద్ధాహారాలన్నీ హానికరమన్నది గాని, అన్నీ మంచివన్నది గాని సరికాదు. కోసిన వెంటనే వేడినీటిలో ముంచి ఘనీభవింపజేసిన బఠాణీలలో, చాలా రోజులు అంగడిలో ఉన్న కాయల కంటే సి విటమిను ఎక్కువ మిగిలి ఉండవచ్చును. డబ్బా ఆహారంలో వేడికి సి విటమిను, కొన్ని బి విటమినులు తగ్గుతాయి. మాంసకృత్తులు, పీచు, ఖనిజాలు చాలావరకు నిలుస్తాయి.

ముఖ్యమైన సమస్య ఉప్పు. పెద్దలు రోజుకు 5 గ్రాముల (సుమారు ఒక చెంచా) లోపు ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నూడుల్స్ మసాలా, సూపు పొడి, అప్పడాలు, పచ్చళ్ళు ఒకే రోజు తింటే ఈ పరిమితి సులభంగా దాటుతుంది. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధులు ఉన్నవారు జాగ్రత్తపడాలి. ఈ విషయంలో ఇంటి ఆవకాయకు, కొన్న ప్యాకెట్టుకు తేడా లేదు.

జాగ్రత్తలు

* ఉబ్బిన, కారుతున్న, తుప్పు పట్టిన, అంచు సొట్టపడిన డబ్బాను వాడరాదు. రుచి చూసి తేల్చుకోవాలనుకోవడం ప్రమాదం. బొట్యులినమ్ విషానికి రుచి, వాసన ఉండకపోవచ్చును.
* తెరిచిన డబ్బాలో మిగిలినదానిని గాజు లేక స్టీలు పాత్రలోనికి మార్చి ఫ్రిజ్‌లో ఉంచాలి.
* ఫ్రీజరు మాంసాన్ని, చేపలను గదిలో బయట కాక ఫ్రిజ్ కింది అరలో కరిగించాలి. ఎక్కువసేపు విద్యుత్తు పోయి పూర్తిగా మెత్తబడి వెచ్చనైన వాటిని తిరిగి గడ్డకట్టించి వాడరాదు.
* పులుపు లేని కూరలను ఇంట్లో సీసాలలో కేవలం మరిగించి మూసి, బయట నిలువ చేయరాదు.
* ప్యాకెట్టుపై తయారీ తేదీ, గడువు, ఉప్పు పరిమాణం, ప్రాధికార సంస్థ లైసెన్సు సంఖ్య చూడాలి. ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు.

ఇవి కూడా చూడండి

* ఆవకాయ
* వడియాలు
* అటుకులు
* ఆహార సంరక్షణ
* లూయీ పాశ్చర్